మా వదిన పెట్టిన తాళం

కంప్యూటర్ల మీద, ఆటల డబ్బాల మీద, వాటికి పెట్టే తాళాల మీద మా వదిన మహేశ్వరికి ఉన్నన్ని అభిప్రాయాలు ఆర్మూరు మొత్తం మీద ఇంకెవరికీ లేవని నా నమ్మకం. ఉన్నా వాళ్ళు నోరు మూసుకుని ఉంటారు. ఈమె ఉండదు. పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటూ ఫోన్ చూసుకుంటుంటే వెనకనుంచి వచ్చి నిలబడి, ఆ మెసేజ్ కింద నీలంగా కనబడే గీతను ఒత్తావంటే నీ బ్యాంకు ఖాతా గోవిందా అని హెచ్చరించి పోతుంది. అప్పటిదాకా దాన్ని ఒత్తాలన్న ఆలోచన నాకు ఉండదు. ఆ మాట విన్న తర్వాత మాత్రం వేలు ఆగదు.

నా పేరు రాజేశ్వర్. పసుపు అడ్తి దుకాణంలో గుమాస్తాను. నాకు కాటా తప్ప మరో యంత్రం మీద గౌరవం లేదు. బస్తా ఎక్కించు, ముల్లు చూడు, దింపు, అయిపోయింది. కాటా ఏనాడూ నన్ను పాస్‌వర్డ్ అడగలేదు. ఈ మాట వదినతో అన్నందుకు, కాటాలోనే అన్నిటికంటే ఎక్కువ మోసం చేయొచ్చని గంటసేపు చెప్పి నా అన్నం చల్లార్చింది.

ఇదంతా మా అన్న భూమేశ్వర్ వల్ల వచ్చింది. అన్న మస్కట్‌లో లారీ డ్రైవరు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తాడు. అలా వచ్చినప్పుడు కూతురు అంకిత కోసం టీవీకి తగిలించుకునే ఆటల డబ్బా ఒకటి తెచ్చాడు. అంకిత నాలుగు రోజులు ఆడి, బోర్ అని మళ్ళీ ఫోన్ పట్టుకుంది. డబ్బా టీవీ పక్కన తువ్వాల కప్పుకుని పడుకుంది. అంత దూరంనుంచి మోసుకొచ్చిన వస్తువు ఊరికే పడి ఉంటే మా వదిన ప్రాణం ఒప్పదు. ఒకరోజు వంట దింపి, చేతులు తుడుచుకుని, రిమోట్ చేతిలోకి తీసుకుంది. అంతే, మళ్ళీ కింద పెట్టలేదు.

వదిన పుట్టిల్లు మోర్తాడ్. చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టిన చేతులు. ఆకు మడవడం, తంబాకు నింపడం, దారం కట్టడం అన్నీ చూడకుండానే చేసే వేళ్ళకు ఆ రిమోట్ మీది గుండీలు ఒక లెక్కా? కళ్ళు టీవీ మీద, నోరు మా మీద, వేళ్ళు వాటి పని మీద. తెర మీద ఒక రాక్షసుణ్ణి నరుకుతూనే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూడమని నన్ను కేకేసేది. గల్లీలోని కాలేజీ పిల్లలు వచ్చి ఆమెతో పందెం ఆడి, మొహాలు వేలాడేసుకుని పోయేవాళ్ళు.

ఆడటంతో ఆగితే బాగుండు. డబ్బా లోపల ఏముందో, దాన్ని ఎవరు నడుపుతారో, మన వివరాలు ఎటు పోతాయో అన్నీ తెలుసుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మా అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. ఒకప్పుడు అక్కడ కోడళ్ళ మీద చర్చ జరిగేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మీద జరుగుతుంది. అప్‌డేట్ అంటే వదినకు ఒళ్ళు మంట. మనం ఇంట్లో లేనప్పుడు వచ్చి, వంటింట్లో డబ్బాలన్నీ జరిపి, ఉప్పు ఎక్కడుందో మనకే తెలియకుండా చేసి, మంచిగ సర్దినమని చెప్పి పోవడమట అప్‌డేట్ అంటే. ఆటలు డిస్క్ మీద కొనాలి గానీ గాలిలోంచి దించుకోవద్దని ఇంకో సిద్ధాంతం. దించుకున్నది కంపెనీవాడు బుద్ధిపుడితే వెనక్కి గుంజుకుంటాడు. డిస్క్ గుంజుకోవాలంటే వాడు ఆర్మూరు దాకా రావాలి, వస్తే ఆమె ఉంది.

బస్టాండు దగ్గర మొబైల్ దుకాణం పెట్టుకున్న అతీక్‌కూ ఈమెకూ వైరస్ మందుల మీద పెద్ద యుద్ధం నడిచింది. ఫోన్‌కు మందు సాఫ్ట్‌వేర్ వేసుకోవాలని అతను, వద్దని ఈమె. ఇంటికి కాపలా పెట్టుకున్నవాడే తాళంచెవులన్నీ అడిగితే వాడికి ఇంకో కాపలా ఎవరని ఈమె వాదన. అతీక్ ఓడిపోయాడో విసిగిపోయాడో తెలియదు కానీ, అప్పటి నుంచి చిక్కు కేసులన్నీ మా ఇంటికే పంపుతున్నాడు. ఫోన్ పోయినవాళ్ళు, ఖాతా పోయినవాళ్ళు, ఎవరికో ఓటీపీ చెప్పి ఏడ్చేవాళ్ళు అందరూ మా అరుగు మీదే. వాళ్ళకు చాయ్ పెట్టేది మాత్రం నేను.

పసుపు సీజన్‌లో మిషన్లు తిరుగుతుంటే మా గల్లీ నిండా పచ్చటి దుమ్ము. తుమ్మితే పసుపు, దులిపితే పసుపు. ఆ దుమ్ము డబ్బాలో దూరి ఫ్యాన్ గుర్రుపెట్టడం మొదలుపెడితే, వదిన స్క్రూడ్రైవరుతో దాన్ని నిలువునా విప్పి, పెయింటు బ్రష్‌తో మూలమూలా శుభ్రం చేసి, మళ్ళీ బిగిస్తుంది. విప్పితే కంపెనీ వాళ్ళ హామీ పోతుందట కదా అని అంకిత భయపడింది. నా ఇంట్లో ఉన్నదాన్ని నేను విప్పొద్దని చెప్పడానికి వాడెవడు అని వదిన ఎదురడిగింది. హామీ పోయింది, డబ్బా మాత్రం నడుస్తోంది.

ఇక తాళాల సంగతి. బీడీలు చుట్టీ చుట్టీ వదిన వేలిగీతలు అరిగిపోయాయి. ఏ మిషన్ మీద పెట్టినా ఆ వేలు ఆమెది కాదంటుంది. అందుకే వేలిముద్ర తాళమంటే ఆమెకు నమ్మకం లేదు. మనిషి ఒళ్ళు తాళంచెవి కావొద్దని, ఒళ్ళు అరుగుతుందని చెబుతుంది. పాస్‌వర్డ్ ఎలా ఉండాలో కూడా ఆమె దగ్గర ఒక సూత్రం ఉంది. నలుగురిలో పైకి చెప్పడానికి సిగ్గుపడేలా ఉండాలి, అప్పుడు చచ్చినా ఎవరికీ చెప్పం. పక్కింటి ఉమారాణి ఈ సూత్రం పాటించి పాస్‌వర్డ్ పెట్టుకుంది. మొగుడు అడిగితే చెప్పలేక మొహం ఎర్రగా చేసుకుంది, అతను అనుమానపడి ఇల్లు పీకి పందిరేశాడు, ఆఖరికి పెద్దమనుషులు కూర్చునేదాకా పోయింది. ఆ పాస్‌వర్డ్ ఏంటో పెద్దమనుషులకు కూడా ఆమె చెప్పలేదు. తన సూత్రానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని వదిన గర్వపడింది.

ఇన్ని తెలిసిన మనిషి కొంప తన తాళంతోనే మునిగింది. ఆ కథ చెప్పాలంటే ముందు మా ఇంట్లో ఫోన్ ఎలా మాట్లాడతామో చెప్పాలి.

మస్కట్‌నుంచి అన్న ఫోన్ చేశాడంటే అది ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే. స్పీకర్ ఆన్ చేసి మంచం మధ్యలో పెడతారు. ముందు మా అమ్మ కమలవ్వ, తర్వాత నేను, తర్వాత అంకిత, ఆ టైముకు ఇంటికి వచ్చిన చుట్టాలు, ఆఖరున వదిన. ఆమె వంతు వచ్చేసరికి తిన్నవా అంటే తిన్న, మంచిగున్నవా అంటే మంచిగున్న. అటు వైపు కూడా అంతే. ఎనిమిది మంది పడుకునే గదిలో మొగుడు పెళ్ళాంతో ఏం మాట్లాడతాడు? గల్ఫ్‌కు మనిషి పోయిన ప్రతి ఇంట్లో ఇదే తంతు. ఇందులో ఎవరికీ తప్పు కనబడదు.

వదిన దీనికి దారి కనిపెట్టింది. పోయిన సెలవులో అలాంటి డబ్బానే ఇంకొకటి కొనిపించి అన్న చేతికిచ్చి పంపింది. శుక్రవారం అన్నకు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకే ఆటలోకి దిగుతారు. అదొక వ్యవసాయం ఆట. వదిన దున్ని, విత్తి, నీళ్ళు పెడుతుంది. అన్న వారమంతా లారీ నడిపి, అక్కడ కూడా ట్రాక్టరే నడుపుతానని పట్టుబట్టి, ఆమె వేసిన చేను మీదినుంచే పోనిస్తాడు. ఆమె తిడుతుంది. ఆ తిట్ల మధ్యలో మెల్లగా మాట్లాడుకుంటారు. గదిలోవాళ్ళు భూమేశ్వర్ ఆట ఆడుతున్నాడనుకుంటారు, మేము మహేశ్వరి ఆట ఆడుతోందనుకుంటాం. రెండు దేశాల్లో కలిపి ఆ ఇద్దరికి దొరికిన గది అదొక్కటే.

ఈసారి అన్న కాంట్రాక్టు అయిపోవచ్చింది. ఇంకో రెండేళ్ళకు సంతకం పెడతాడో లేదో శనివారం చెప్పాలి. పెట్టాలని మా అమ్మ. కొడుకు మస్కట్‌లో ఉన్నాడంటే గల్లీలో ఆమె మాటకు బరువుంటుంది, మేడ మీద గది కూడా గోడల దాకా లేచి ఆగి ఉంది. ఫోన్‌లో ఆమె అడిగింది, అన్న చూద్దాంలే అన్నాడు. వదిన వంతు వచ్చినప్పుడు ఎప్పటిలాగే తిన్నవా, తిన్న, అంతే. శుక్రవారం ఆటలో కలుద్దామని మాత్రం అన్న తనంతట తనే చెప్పి పెట్టేశాడు. ఆ రోజు నాకు అన్నం వడ్డిస్తూ వదిన మనసులో మాట చెప్పింది.

"మీ అన్న గొంతుల ఏదో తేడా ఉన్నది, రాజేశ్వర్. గాయన రావాలె. ఇంక చాలు. శుక్రారం అడుగుత."

శుక్రవారం రానే వచ్చింది. వదిన పొద్దున్నే వంట ముగించి, బీడీల చాట పక్కన పెట్టి, డబ్బా ఆన్ చేసింది. తెర మీద ఆట రాలేదు. ఏదో రాత వచ్చింది. ఆమెకు తెలియకుండా రాత్రే అప్‌డేట్ పడింది. అంకిత చదివి చెప్పింది. ఈ కుటుంబంలో ఉన్న బాలుడు ఇకపై ఇతరులతో మాట్లాడాలంటే, కుటుంబ పెద్ద తన గుర్తింపు కార్డును, మొహాన్ని చూపించి అనుమతి ఇవ్వాలట.

బాలుడెవరు అని నేను అడిగాను. వదిన నా వైపు చూడలేదు.

మెల్లగా బయటపడింది. ఖాతాలు తెరిచినప్పుడు డబ్బా పుట్టిన తేదీలు అడిగింది. ఏ కంపెనీకీ నిజమైన తేదీ ఇవ్వొద్దన్నది వదిన సిద్ధాంతం. అన్నకు తమ పెళ్ళి తేదీ పెట్టింది. ఎందుకంటే ఏ మొగాడికీ పెళ్ళి తేదీ గుర్తుండదు కాబట్టి ఏ దొంగా దాన్ని కనిపెట్టలేడట. దాంతో మా అన్న వయసు పద్నాలుగేళ్ళయింది. అది పొరపాటున జరగలేదు, తెలిసే చేసింది. అన్న మెత్తని మనిషి, ఎవడు ఫోన్ చేసినా నమ్ముతాడు. పిల్లల ఖాతా అయితే ప్రతిదానికీ పెద్దవాళ్ళను అడగాలి, ఎవడూ మోసం చేయలేడు. పెద్దదిక్కుగా తనను పెట్టుకుని, తన పుట్టిన తేదీకి బదులు మా అమ్మ ఆధార్ కార్డు మీది తేదీ ఇచ్చింది. అంటే డబ్బా లెక్కలో డెబ్బై ఏళ్ళ ముసలమ్మ పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పెంచుతోంది.

నేను కింద కూర్చుని నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. వదిన చాటలోని కత్తెర తీసేసరికి ఆపాను.

దారులన్నీ వెతికాం. వదిన కొత్త ఖాతా తెరిచినా, బాలుడితో మాట్లాడాలంటే పాత ఖాతాలోని పెద్దదిక్కే ఒప్పుకోవాలి. కార్డు మీది తేదీ, ఖాతాలోని తేదీ ఒకటే కావాలి, కార్డు మీది మొహం, ఎదురుగా ఉన్న మొహం ఒకటే కావాలి. మా గల్లీలో ముసలివాళ్ళందరూ ఆధార్ కార్డుల మీద జనవరి ఒకటిన పుట్టినవాళ్ళే కాబట్టి వేరే ఎవరినైనా పిలుద్దామా అని నేను సలహా ఇచ్చాను. కానీ ఆ కార్డులు రాసిన పిల్లలు మిగతా అందరికీ గుండుసున్నా వచ్చే సంవత్సరాలే రాశారు, యాభై, అరవై అని. ఒక్క మా అమ్మే నా వయసు నాకు తెలుసని కొట్లాడి యాభై ఆరు రాయించుకుంది. కాబట్టి ఆ మొహం మా అమ్మదే కావాలి. అన్నను ఇంకో రెండేళ్ళు ఉండమంటున్న మనిషే, అన్నతో వదిన మాట్లాడటానికి అనుమతి ఇవ్వాలి.

ఊరందరికీ పాఠాలు చెప్పే వదిన కొంగు వేలికి చుట్టుకుంటూ అత్త మంచం దగ్గర నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. డబ్బా లెక్కలో పెద్దదిక్కు అత్తమ్మే అని చెప్పి, కార్డు ఒకసారి కావాలని, ఫోన్‌కు మొహం చూపించాలని అడిగింది. మా అమ్మ మంచం మీద లేచి కూర్చుని, కార్డున్న సంచీని వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే జెప్తివి గదా, కార్డు ఎవ్వనికి సూపియ్యొద్దని. మొగం గుడ సూపియ్యొద్దంటివి. గిప్పుడు నువ్వే అడుగుతున్నవ్."

ఏడాదిగా వదిన నూరిపోసిన పాఠమది. మా ఇంట్లో ఆ పాఠం శ్రద్ధగా నేర్చుకున్నది మా అమ్మ ఒక్కతే అని అప్పుడే తెలిసింది. వదిన ఇది వేరని, కంపెనీ నమ్మకమైనదని చెప్పబోయింది. అందరూ అట్లనే అంటరని కూడా నువ్వే చెప్పినవు అంది అమ్మ. నాకు మళ్ళీ నవ్వొచ్చింది కానీ వదిన మొహం చూసి మింగేశాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆట అనీ అంకిత కోసమనీ ఏదో ఒకటి చెప్పి ఒప్పించొచ్చు. అలా చేయలేదు.

"అంకితోళ్ళ నానతోని మాట్లాడాలె, అత్తమ్మా. మీరందరు ఇనకుంట. సంతకం వెట్టకు, ఇంటికి రా అని చెప్పాలె. గందుకే."

అమ్మ సంచీని చంకన పెట్టుకుంది. తర్వాత లేచి లోపలికి పోయింది. తలుపేసుకుంటుందేమో, ఇక ఈ ఇంట్లో నెల రోజులు మాటలుండవేమో అనుకున్నాను. ఆమె మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని బయటికొచ్చింది. మొగం సూపిచ్చుడంటె జర మంచిగుండాలె గదా అని, సంచీలోని కార్డు తీసి వదిన చేతికిచ్చింది.

ఫోన్ ఎడమకు తిరగమంది, కుడికి తిరగమంది, కళ్ళు మూసి తెరవమంది. అమ్మ పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా అన్నీ చేసింది. దానికి తృప్తి అయింది. ఈ బాలుడు మాట్లాడటానికి మీరు ఒప్పుకుంటున్నారా అని తెర మీద పడింది. అంకిత చదివింది. అమ్మ ఒప్పుకున్నట్టు నొక్కమని చెప్పి, వదిన చేతిలోని హెడ్‌ఫోన్లు తీసుకుంది.

"నా పేరు మీదనే ఉన్నదంటున్నరు గదా. ముందుగాల నేను మాట్లాడుత."

వదిన పాలిపోయింది. కాదనడానికి లేదు. అమ్మకు చెవుడు కాబట్టి అంకిత సౌండు పూర్తిగా పెంచింది. దాంతో హెడ్‌ఫోన్లలోని మాట గదంతా వినబడుతోంది. ఆట మొదలైంది. ఆకుపచ్చటి పొలం, గట్టు మీద ట్రాక్టరు. అన్న అప్పటికే అక్కడ ఎదురుచూస్తున్నాడు. వదిన బొమ్మ కనబడగానే, అటు ఉన్నది ఆమే అనుకుని మాట్లాడేశాడు.

"మహేశ్వరీ, ఎంతసేపాయె. ఇనేటోళ్ళు ఎవ్వలు లేరు గదా? నా నడుము పోయిందే. క్లచ్ తొక్కితె కాలు గుంజుతుంది, పొద్దుగాల లేవస్తలేదు. అవ్వకు చెప్పకు. అవ్వ ఆశ వెట్టుకున్నది, సంతకం వెట్టుమంటె వెడ్త. కని నాకు ఇంటికి రాబుద్దయితుందే."

ఫోన్‌లో ప్రతిసారీ మస్తుగున్న అని చెప్పేవాడు మా అన్న. మేమందరం ఆ మాట విని, ఫోన్ పక్కవాళ్ళకు ఇచ్చేవాళ్ళం. అంకిత గోడకు ఆనుకుని ఏడుస్తోంది. అమ్మ తెర మీది ట్రాక్టరునే చూస్తూ ఉండిపోయింది. అటు వైపునుంచి అన్న రెండుసార్లు మహేశ్వరీ అని పిలిచాడు.

"మహేశ్వరి కాదురా, నేను. అవ్వను."

తెర మీది ట్రాక్టరు కాస్త వెనక్కి పోయి ఆగింది.

"ఇన్న. అంత ఇన్న. సంతకం వెట్టకు, బిడ్డా. వచ్చెయ్."

ఆ తర్వాత అన్న ఏమన్నాడో మాకు అర్థం కాలేదు, ఏడ్చినట్టే ఉంది. అమ్మ హెడ్‌ఫోన్లు తీసి, తన చేతులతోనే వదిన తలకు పెట్టి, చెవుల మీద సర్దింది. వదిన అత్త చేతులు పట్టుకుని అలాగే నిలబడింది. నీకోసమే చూస్తుండు, మాట్లాడు అని అమ్మ ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టి, మమ్మల్నిద్దరినీ బయటికి తోసి, తలుపు దగ్గరికి వేసింది. పెళ్ళయి కాపురానికొచ్చిన తర్వాత మా వదిన కోసం పట్టపగలు ఆ ఇంట్లో తలుపు మూయడం అదే మొదలు.

అమ్మ మంచి చీరతోనే గడప ముందు కూర్చుంది. నా ఫోన్ లోపలే ఉందని, దుకాణం సేటు పిలుస్తాడని నేను సణిగాను. సేటుకు నోరుంటే కేకేస్తాడు పో అంది. ఇంతలో ఉమారాణి చాట పట్టుకుని వచ్చి, మహేశ్వరక్క ఏదని అడిగింది.

"మొగనితోని మాట్లాడుతుంది" అంది మా అమ్మ. "పొద్దుగూకినంక రా."